డొక్క నాది, తాళ్ళు ఆమెవి

జూలై 4

ఈ నోట్‌బుక్ ఫాదర్ అన్సెల్మ్ ఇచ్చారు. "చెయ్యి లేచినప్పుడల్లా దాన్ని దించి పెన్ను పట్టుకో, ఎవారిస్ట్. ఎవరికీ చూపించక్కర్లేదు, నాక్కూడా. నీకు నువ్వే రాసుకో" అన్నారు. వారం వారం పోలీసు స్టేషన్‌కి వెళ్ళి సంతకం పెట్టడం కంటే ఇదే నయమని తలూపాను. యాభై ఎనిమిదేళ్ళవాణ్ణి కాపీ రాతకి కూర్చోబెట్టారు.

జరిగింది అంత పెద్ద సంగతేం కాదు. ఈస్టర్ మర్నాడు నా భార్య సొలాంజ్‌కి నా చెయ్యి తగిలింది. పక్కింటావిడ ఊరుకోకుండా ఫోన్ చేసింది. ముప్పయ్యేళ్ళ కాపురంలో ఎన్నో అవుతాయి. అవన్నీ స్టేషన్ పుస్తకంలో ఎక్కించుకుంటూ పోతే మా క్యూర్‌పిప్ ఊళ్ళో కాగితం మిగలదు.

అసలు రాయాల్సింది ఇంటి గురించి. మేం పని చేసిన ఓడ బొమ్మల వర్క్‌షాప్ మూతపడి ఏడాదిన్నర అయింది. ఇప్పుడు దాని యజమాని ముస్యే లావాల్ స్థలం మొత్తం అమ్మేశాడు. వెనక మేముంటున్న ఇల్లూ అందులోదే. నెలాఖరుకి ఖాళీ చెయ్యాలి. మంచం, బీరువా, పొయ్యి ఒక పూట పని. మేమిద్దరం చేసుకున్న ఓడ బొమ్మలు అలా కాదు. పదిహేడు ఓడలున్నాయి. అసలు ఓడకి నూరో వంతు, ఒక్కొక్కటి ఏడాది పని, ఊపిరి గట్టిగా వదిలితే తాడు తెగుతుంది.

మా పనిలో ఓడ కింది భాగాన్ని డొక్క అంటాం. డొక్క చెక్కేది మగవాళ్ళు, నిలబెట్టే కొయ్యలు నున్నగా తీసేదీ మగవాళ్ళే. తాళ్ళు కట్టి తెరచాపలు తొడిగేది ఆడవాళ్ళు. ప్రతి ఓడ వెంటా ఒక అట్టముక్క ఉంటుంది. పైన డొక్క ఎవరిదో, కింద తాళ్ళు ఎవరివో. మా పదిహేడింటి మీదా పైన నా పేరు, కింద సొలాంజ్ పేరు. పనిలో తగువొచ్చి ఎవరైనా మానేస్తే ఎవరి పని వాళ్ళది. కట్టినావిడ తాళ్ళు విప్పుకుని పోవచ్చు, కానీ చెక్కకి గీత పడకూడదు. ముస్యే లావాల్ తండ్రి పెట్టిన రూలు ఇది. ఒకసారి ఒకావిడ నిజంగానే విప్పుకుపోయింది. బోడి ఓడ పక్కన ఆ చెక్కినవాడు నిలబడ్డ తీరు చూసి నెల రోజులు నవ్వుకున్నాం.

రెండేళ్ళుగా సొలాంజ్ తాళ్ళు కట్టడం లేదు. కుడిచేతి మధ్యవేలు, ఉంగరపు వేలు వంగవు. గాలికి పెట్టె మూత పడింది.

పేజీ నిండింది.

జూలై 5

చెయ్యి లేవలేదు. రాయడానికేం లేదు.

జూలై 8

పెట్టెలు తయారు చేస్తున్నాను. ఒక్కో ఓడకి ఒక్కో పెట్టె, దాని ఎత్తుకి తగ్గట్టు. వెనకవైపు రెండు కీళ్ళతో మూత, ముందు మేకులు. మూత పైకి ఎగదన్నకుండా దాని మీద కూర్చుని, మేకులు నోట్లో పెట్టుకుని ఒక్కొక్కటే తీసి కొడతాను. అందరూ నవ్వేవారు కానీ నేను మూసిన పెట్టె సముద్రాలు దాటినా వదులు కాలేదు.

సొలాంజ్ గడపలో నిలబడి చూస్తోంది.

"ఎక్కడికో చెప్పకుండానే పెట్టెలు కొడుతున్నావా?"

"వాకువాలో రెండు గదులు చూశాను. మేడ మీద."

"మేడ మీదా? మెట్లెంత వెడల్పున్నాయ్?"

"ఓడలకి సరిపోతాయి."

"నాకు?"

ఇలా అడ్డంగా మాట్లాడుతుంది. నేను జవాబు చెప్పాను, ఏం చెప్పానో గుర్తు లేదు. కొయ్యసుత్తి చేతిలోంచి జారింది. జారి గోడకి తగిలింది, ఆమెకి జానెడు దూరంలో. ఆమెకేం కాలేదు. గోడ పెచ్చు ఊడింది, ఎలాగూ కూల్చేసే గోడే.

ఫాదర్, ఇది లెక్కలోకి రాదు. సుత్తి లేచింది, చెయ్యి కాదు.

జూలై 9

సుత్తి విసిరానని రాసి ఉండాల్సింది. జారిందని రాశాను. జారిందనే అనుకుంటాను.

జూలై 11

ఆదివారం. గాస్తాన్ వచ్చాడు. సొలాంజ్ తమ్ముడు, మాయెబూర్‌లో చేపలు పడతాడు. ఒక బుట్టెడు పీతలు పట్టుకుని చుట్టంచూపుగా వచ్చినట్టు వచ్చాడు. నాకు పీతలంటే పడవని వాడికి తెలుసు.

"బావా, అక్కని నాతో పంపు. ఓడలు నువ్వే ఉంచుకో, ఊరేగించుకో."

"మీ అక్కేమన్నా సూట్‌కేసా, పంపడానికి?"

"సూట్‌కేసయితే ఇంతకంటే జాగ్రత్తగా చూసుకునేవాడివి."

"గాస్తాన్, ఊరుకో" అంది సొలాంజ్ వంటింట్లోంచి.

"ఊరుకునే ఉన్నా కదక్కా ముప్పయ్యేళ్ళు. ఆ వేళ్ళేంటో బావ నోటితో ఒక్కసారి వినాలని ఉంది."

చెప్పాను. పాత పెట్టె, కీళ్ళు వదులై మూత పడిందని చెప్పాను.

"కీళ్ళా? పోయినసారి గాలన్నావ్!"

అక్కడి నుంచి వరసగా రాస్తాను. ముందు వాడు నవ్వాడు. నేను వాడి చొక్కా పట్టుకున్నాను. వాడు నా మెడ పట్టుకున్నాడు. చేపలవాడి చేతులు, ఉప్పుతో రాయి అయిపోయినవి. నా తల గడపకి కొట్టుకుంది. నేను మోకాలితో పొత్తికడుపులో పొడిచాను. వాడు వంగగానే మొహం మీద రెండు గుద్దులు గుద్దాను. వాడి పన్ను నా పిడికిట్లో గుచ్చుకుని అక్కడే ఉండిపోయింది, తర్వాత పట్టకారుతో తీసుకున్నాను. ఇద్దరం కలిసి బల్ల మీద పడ్డాం. బల్ల మీద మా పదిహేడు ఓడల్లో ఒకటైన కొలొంబ్ ఉంది.

కొలొంబ్ నేలకి తగిలిన చప్పుడుకి ఇద్దరం ఆగిపోయాం. నడిమి కొయ్య విరిగింది. నలభై తాళ్ళు ఒక్కసారే వదులై జుట్టు విరబోసుకున్నట్టు పడ్డాయి.

నాకు ఏడుపొచ్చింది. వాడి ముందే ఏడ్చాను. మూతినిండా నెత్తురుతో నిలబడి వాడు నన్ను చూసి, "అక్కా, చూశావా? ఈ మనిషికి ఏడవడం కూడా వచ్చు" అన్నాడు. పీతల బుట్ట తన్నేసి వెళ్ళిపోయాడు. పీతలు ఇల్లంతా పాకాయి. సొలాంజ్ ఎడం చేత్తో ఒక్కొక్కటే ఏరింది.

జూలై 12

ఫాదర్ ఎదురయ్యారు. "రాస్తున్నావా?" అన్నారు. రాస్తున్నానన్నాను. "బరువు తగ్గిందా?" అన్నారు. నోట్‌బుక్ బరువు పెరుగుతోందన్నాను. ఆయన నవ్వలేదు.

జూలై 13

కొలొంబ్‌కి కొత్త కొయ్య చెక్కాను. చిత్రిక పట్టి, గరుకుకాగితంతో రుద్ది, దీపం ముందు తిప్పి చూశాను. వెంట్రుకంత వంకర లేదు. తాళ్ళు కావాలి.

జూలై 14

"ఒక్క కొయ్యకే కదా, కట్టు" అన్నాను.

"ఈ వేళ్ళతో నీ చొక్కా గుండీ కూడా పెట్టలేను, ఎవారిస్ట్."

"ప్రయత్నం చేస్తే కదా."

"రెండేళ్ళు చేశా. నువ్వు ఇంట్లో లేనప్పుడు. దారం కోసం పళ్ళు వాడా, కాలి వేళ్ళు వాడా. నీకు చెప్పలేదు, అంతే."

నాకు చెప్పకుండా చేసిందట. నా ఇంట్లో, నా ఓడల మీద.

జూలై 16

నిన్న రాయలేదు. నిన్నటిది ఇవాళ రాస్తున్నాను.

వేళ్ళకి కసరత్తు చేయించమని డాక్టర్ అప్పట్లోనే చెప్పాడు. ఆమె చెయ్యదు. అందుకని నేనే చేయిద్దామనుకున్నాను. చెయ్యి బల్ల అంచు మీద పెట్టి పైనుంచి మెల్లగా నొక్కాను. మెల్లగానే. "వద్దు, వద్దు" అంది. చికిత్స అన్నాక నొప్పి ఉంటుంది. ఇంకొంచెం నొక్కాను. మోకాలు కూడా ఆనించాల్సి వచ్చింది, ఎందుకంటే లాక్కుంటోంది. లోపల ఏదో పటుక్కుమంది, పచ్చి వెదురు విరిగినట్టు. ఆమె అరిచిన అరుపుకి పక్కింటి కుక్క మొరిగింది. పక్కింటావిడ మాత్రం ఈసారి తలుపు తియ్యలేదు.

మంచి చెయ్యబోతే ఇలా అయింది. ఆ రోజైనా అంతే. లోపల కత్తెర మర్చిపోయానని ఆమే చెయ్యి పెట్టింది. మూత పడేచోట ఎవరైనా చెయ్యి పెడతారా?

తడిగుడ్డ చుట్టుకుని గోడకి ఆనుకుని చాలాసేపు కూర్చుంది. ఏడవలేదు. అరల మీదున్న ఓడల్ని ఒక్కొక్కదాన్నే చూసింది, పదిహేడింటినీ, వరసగా, పిల్లల్ని లెక్క పెట్టుకునే తల్లిలా. చూసి, మామూలు గొంతుతో అంది:

"సర్దడం నేను చేస్తా. నువ్వు ముట్టుకోకు. నీ చెయ్యి బరువు."

జూలై 17

మంచి రోజు. టమాటాలు, ఎండు చేప వేసి రుగాయ్ కూర చేసింది. నాకిష్టమని పచ్చిమిర్చి ఎక్కువ వేసింది. నేను ముసురులో నడిచి వెళ్ళి వేడి వేడి గాతో పిమా, మిర్చి వేసిన పప్పు వడలు, తెచ్చాను. రెండు తింది.

ఫాదర్‌కి చెప్పాలి, పని చేస్తోందని. నోట్‌బుక్.

జూలై 19

నిన్నటి నుంచి ఆమె వర్క్‌షాప్ పాత గదిలో ఉంటోంది. లోపల గడియ. ఎందుకంటే నేను వెళితే సలహాలు చెబుతానట. అది నిజమే. మెత్తటి కాగితం రీములకి రీములు పట్టుకెళ్ళింది, తెరచాపలు ఉడికించే పాత గిన్నె కూడా.

తెల్లటి తెరచాప ఏ ఓడ మీదా అందంగా ఉండదు. చిక్కటి టీ డికాషన్‌లో ముంచి ఆరబెడితే నూరేళ్ళు సముద్రం తిరిగొచ్చిన రంగు వస్తుంది. మా పెళ్ళికి ముందు ఆమె దగ్గర ఎప్పుడూ టీ వాసన వచ్చేది. ఆ వాసనకే పడిపోయానని వర్క్‌షాప్‌లో అందరికీ చెప్పుకునేవాణ్ణి. ఆమె సిగ్గుపడి కత్తెరతో బెదిరించేది. ఇవాళ తలుపు సందులోంచి అదే వాసన వచ్చింది. తలుపు బయట కాసేపు నిలబడ్డాను.

జూలై 20

భోజనం దగ్గర తనలో తాను అన్నట్టు అంది: "ఆ సోమవారం వెళ్ళిపోయుంటే ఈపాటికి పదిమంది అమ్మాయిలు నా ముడి నేర్చుకునేవాళ్ళు."

"ఏ సోమవారం?"

నన్ను చూసింది. "నీకు గుర్తు లేకపోతే నాకూ లేదులే. తిను."

తిన్నాను.

జూలై 22

కత్తెర చప్పుడు. కాగితం కత్తిరిస్తోంది కాబోలు.

జూలై 24

మొదటి ఆరు పెట్టెలు అయ్యాయి. ఆమె మూత వేసి పెట్టింది, నేను మేకులు కొట్టాలి.

"ఒకసారి చూస్తాను" అన్నాను.

"చూడు. కానీ ఓడ పీటల్ని పెట్టె అడుక్కి జిగురుతో అతికించా, ఇంకా పచ్చిగా ఉంది. ఈ చెమ్మలో మూత తెరిస్తే ఏమవుద్దో నాకంటే నీకే తెలుసు."

తెలుసు. తెరవలేదు. పెట్టె మీద కూర్చున్నాను, మేకులు నోట్లో పెట్టుకున్నాను, కొట్టాను. ఆరింటికీ. ఆమె నిలబడి చూసింది. నేను పెట్టె మీద కూర్చున్నప్పుడల్లా గుడ్డ చుట్టిన చేతిని రెండో చంకలో పెట్టుకుంది. మా దీవిలో జూలై చలికాలం, చలి ఎక్కువగా ఉంది.

జూలై 27

పదిహేడూ అయ్యాయి. మొత్తం నా మేకులే.

చివరి పెట్టెకి చెవి ఆనించి కొంచెం కదిపి చూశాను, అది నా అలవాటు. ఎంత బాగా సర్దినా తెరచాపలు కాగితానికి రాసుకుని ఎండుటాకుల్లాంటి సన్నటి చప్పుడు వస్తుంది. ఈసారి అదీ లేదు. ముప్పయ్యేళ్ళలో ఇలాంటి సర్దుడు చూడలేదు. వేళ్ళు పోయినా పనితనం పోలేదు. ఆ మాట ఆమెతో అన్నాను కూడా.

"అంతా నీ దగ్గర నేర్చుకున్నదే" అంది.

చాలా సంతోషం వేసింది. నాకు పొగడ్తలు అలవాటు లేదు.

జూలై 29

ఇల్లు మారాం. వరసగా రాస్తాను.

పొద్దున ఎనిమిదికి నరసిమ్లు లారీ వచ్చింది. వర్క్‌షాప్ పెట్టెల్ని రేవుకి చేర్చిన పాతవాడే. వర్షం. తార్పాలిన్ కట్టుకోకుండా వచ్చాడు. అక్కడే నాకు మండింది. ఆరో పెట్టె ఎక్కిస్తూ ఒక మూల పైకెత్తాడు. ఓడ పెట్టె ఎప్పుడూ ఒరగకూడదు, కొయ్యలు లాగుతాయి.

"సమంగా పట్టరా!"

"సమంగానే పట్టా అన్నా. వర్షంలో కళ్ళు కనపడొద్దా?"

"కళ్ళు కనపడకపోతే లారీ ఎందుకు తోలుతున్నావ్, పాడె మొయ్యి."

"పాడె మొయ్యమంటే మోస్తా. ఎవరిదో చెప్పు" అని నవ్వాడు.

పెట్టె నేల మీద పెట్టేదాకా ఆగాను. తర్వాత కొట్టాను. ముక్కు మీద ఒక్కటే. ఎముక మెత్తగా లోపలికి పోయినట్టు పిడికిలికి తెలిసింది. నెత్తురు వాననీళ్ళలో పడి లారీ చక్రం దాకా పాకింది. పడిపోయినవాణ్ణి కాలితో కూడా ఒకసారి తన్నాను. రెండుసార్లు.

సొలాంజ్ గొడుగు వేసుకుని వచ్చింది. వాడి తల ఒళ్ళో పెట్టుకుని పాత తెరచాప గుడ్డతో ముక్కు అదిమింది.

"నేను పోను వదినా. ఈ మనిషి సామాను నేను మొయ్యను."

"ఈయన కోసం కాదు. నా కోసం మొయ్యి నరసిమ్లూ. ఆ పెట్టెలు అక్కడికి చేరాలి. విప్పేటప్పుడు ఒక్క గీత కూడా లేకుండా ఉండాలి."

వాడు ఆమె మొహం కాసేపు చూసి లేచాడు.

సామాను అంతా ఎక్కాక ఆమె చీపురు తీసుకుంది. వదిలేసే ఇల్లు ఊడ్చి, తాళం ముస్యే లావాల్ చేతిలో పెట్టి బస్సులో వస్తానంది. ఆయన పదింటికి గానీ రాడు. నేను సరేనన్నాను. వెళ్ళేముందు నా చొక్కా పై గుండీ ఊడి ఉంటే చూసి, పెట్టబోయి, పెట్టలేక వదిలేసింది. "చలి" అంది. అంతే.

దారిలో నరసిమ్లు ముక్కులో దూది పెట్టుకుని నడిపాడు. పెట్టెలన్నీ మేడ మీదికి చేరాక కింద నిలబడి అన్నాడు: "అన్నా, వదిన నాకు నిన్ననే చెప్పింది. ఆయన కొడతాడు, నువ్వు తిరిగి కొట్టకు, పెట్టెలు మాత్రం చేర్చు అని. అందుకే కొట్టలా. లేకపోతే నువ్వు ఈ మెట్లు ఎక్కేవాడివి కాదు."

నాలుగు బస్సులు చూశాను. ఆమె ఇంకా రాలేదు. వానకి బస్సులు ఆలస్యం.

జూలై 30

రాలేదు.

పొద్దున పాత ఇంటికి వెళ్ళాను. ఊడ్చి ఉంది. తాళం నిన్న పదింటికే ఇచ్చేసి, మాయెబూర్ బస్సు ఎక్కిందని ముస్యే లావాల్ చెప్పాడు. చేతిలో పాత గోనెసంచి ఒకటి ఉందట. బీరువాలో బట్టలన్నీ ఉన్నాయి. నేనే లారీ ఎక్కించాను. బట్టలు తీసుకెళ్ళకుండా ఎవరైనా వెళ్ళిపోతారా? అందుకే వెళ్ళిపోలేదని అనుకుంటున్నాను.

అదే బస్సు ఎక్కాను. గాస్తాన్ ఇంటి ముందు వాడు తెడ్డు పట్టుకుని నిలబడి ఉన్నాడు. నేను వస్తానని తెలిసినట్టే ఉన్నాడు. ముందు పన్ను లేకపోవడంతో ప్రతి మాటకీ గాలి పోతోంది.

"ఆగు బావా. ఆ గీత దాటకు."

ఇసుకలో నిజంగానే గీత గీసి ఉంది. దాటాను. తెడ్డు భుజం మీద పడింది. ఇంకో అడుగు వేశాను. పక్కటెముకల మీద పడింది. మూడోది మోకాలి మీద. కూలబడ్డాను. వాడి కాలు పట్టి లాగాను, కొరికాను కూడా. నోట్లో ఇసుక, ఉప్పు, నెత్తురు. వాడు తెడ్డు కొసతో నా మెడ నేలకి అదిమిపట్టాడు, పామును అదిమినట్టు.

"సొలాంజ్!" అని అరిచాను. కిటికీ రెక్క కదిలింది. ఎవరూ రాలేదు.

"పెట్టెలు విప్పావా?" అన్నాడు గాస్తాన్.

"లేదు."

"వెళ్ళి విప్పు. విప్పిన తర్వాత కూడా రావాలనిపిస్తే రా. అప్పుడు నేను ఆపను. అక్కే చెప్పమంది."

జూలై 31

విప్పాను.

మొదట కొలొంబ్. నా మేకులు నాకే లొంగలేదు, గునపంతో ఊడబెరికాను. పైన కాగితం. దాని కింద కాగితం. దాని కింద డొక్క. ఒక్క గీత లేదు. మెరుస్తోంది, తేనెమైనం పూసి తుడిచింది. మీద ఏమీ లేదు. తాడు లేదు, తెరచాప లేదు, తాళ్ళ నిచ్చెన లేదు, జెండా లేదు. కొయ్యలు పీకి, ఒక్కటీ విరగకుండా కట్టగా పక్కన పెట్టింది. నేను చెక్కిన కొత్త కొయ్య కూడా అందులో ఉంది. అట్టముక్క సగానికి కత్తిరించి ఉంది. నా పేరు పెట్టెలో ఉంది.

రెండోది తెరిచాను. మూడోది. పదిహేడూ తెరిచాను. మధ్యలో ఆగలేకపోయాను, ఒక్కదాంట్లోనైనా వదిలి ఉంటుందని. ఇరవై ఎనిమిదేళ్ళ ముడులు. పెట్టెకి చెవి పెట్టి ఆమెను మెచ్చుకున్నాను నేను. చప్పుడు చెయ్యడానికి లోపల ఏమీ లేకపోతే చప్పుడెక్కడి నుంచి వస్తుంది!

దొంగతనమని స్టేషన్‌కి వెళదామని మెట్లు దిగాను. సగంలో ఆగాను. ఏం చెప్పాలి? నా చెక్క అంతా నా దగ్గరే ఉంది. రూలు ప్రకారమే చేసింది.

మళ్ళీ పైకి వచ్చి సుత్తి తీసుకుని అన్నిటికంటే పెద్ద డొక్కని కొట్టాను. మూడు దెబ్బలకి వీపు పగిలింది. నాలుగో దెబ్బకి రెండు చెక్కలైంది. పదిహేడులో ఒకటి పోయింది. ఎవరూ అరవలేదు. కింద ఎవరో రేడియో సౌండు పెంచారు. సుత్తి కింద పెట్టాను. చూసేవాళ్ళు లేకపోతే నాకు కోపం కూడా సరిగా రాదని ఈ వయసులో తెలిసింది.

ఆగస్టు 1

పొద్దున్నుంచి కొలొంబ్‌కి ఒక తాడు కడదామని కూర్చున్నాను. తాళ్ళు ఎలా కట్టాలో చూపించే పటం గోడకి అతికించాను. దారానికి మైనం పట్టించాను. ఆమె చేస్తుంటే ఇరవై ఎనిమిదేళ్ళు ఎదురుగా కూర్చుని చూసినవాణ్ణి. ముడి నిలవలేదు. జారిపోయింది. పదకొండుసార్లు జారిపోయింది.

అప్పుడు కొయ్యల కట్టలు చూశాను. పదిహేడు కట్టలు. నిన్న చూడలేదు, ఇవాళ చూశాను. ఒక్కదానికీ దారం లేదు. అన్నిటికీ రబ్బరు బ్యాండ్లు వేసి ఉన్నాయి, బజారులో కూరగాయల కట్టలకి వేసేలాంటివి. క్యూర్‌పిప్ మొత్తంలో ఆమెలా ముడి వేసేవాళ్ళు లేరు, కొయ్యల కట్టకి ముడి వెయ్యలేక రబ్బరు బ్యాండు వేసింది. కొన్ని పళ్ళతో లాగి వేసినట్టున్నాయి, రబ్బరు మీద పంటి గాట్లు ఉన్నాయి.

మాయెబూర్ వెళ్ళాలనిపించింది. వెళ్తే గాస్తాన్ ఆపడు. ఆమె తలుపు తీసి, ఏ సోమవారమో గుర్తొచ్చిందా అని అడుగుతుంది. అందుకే వెళ్ళలేను. కానీ ఇక్కడ ఎవరూ చదవరు కాబట్టి రాస్తాను.

రెండేళ్ళ కిందటి శనివారం. ఆ రోజు ఎగుమతికి ఆఖరి పెట్టె. జెండా ఒరిగిందని సొలాంజ్ చెయ్యి లోపల పెట్టి సరిచేస్తోంది. తల ఎత్తకుండా అంది: "సోమవారం నుంచి ఇంకో వర్క్‌షాప్‌కి వెళ్తున్నా. పదిమంది అమ్మాయిలకి నేర్పాలట. నిన్ను అడగట్లేదు, చెప్తున్నా."

గాలి లేదు, కిటికీలు మూసి ఉన్నాయి. కీళ్ళు కొత్తవి, నేనే బిగించాను. కత్తెర ఆమె మెడలోనే వేలాడుతోంది. చెయ్యి లోపల ఉందని నాకు కనపడుతూనే ఉంది. మూత మూశాను. ఆమె రెండో చేత్తో చెక్కని కొడుతూ నా పేరు పెట్టి పిలుస్తోంది. నా నోట్లో మేకులున్నాయి కాబట్టి నేనేమీ మాట్లాడలేదు. ఎప్పటిలాగే దాని మీద కూర్చున్నాను.